ఆసుపత్రిలో వృద్ధ రోగులు: నర్సుల అవగాహన, ఆదరణ గురించి మీ అనుభవాలు

గోదావరి గట్టు:
మా అమ్మగారికి 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. మర్నాటి రాత్రి ఆవిడ ఉన్నట్టుండి నన్ను గుర్తుపట్టలేదు. గోడ దగ్గర ఎవరో నిలబడ్డారంటూ, ఇంటికి పోతానంటూ పెనుగులాడారు. డ్యూటీలో ఉన్న సిస్టర్ విసుక్కోకుండా, ఎంతో ఓపికగానే, "పెద్దవయసు కదండీ, చాదస్తం, పొద్దునకి సర్దుకుంటారు" అన్నారు. ఉదయం షిఫ్టుకు వచ్చిన సిస్టర్ మాత్రం "యూరిన్ ఎప్పుడు అయింది?" అని అడిగి, పొత్తికడుపు తడిమి చూసి, వెంటనే డాక్టరుగారిని పిలిపించారు. మూత్రం ఆగిపోయి కడుపు బిగుసుకుపోయిందట. పైపు వేసి తీశాక సాయంత్రానికి అమ్మ మామూలుగా మాట్లాడారు. ఇద్దరూ మంచివారే, కానీ ఒకరికి తెలిసింది మరొకరికి తెలియలేదు. నర్సింగ్ చదువులో ఇవి చెప్పరా?

వార్డు సిస్టర్:
చెబుతారు, కానీ తక్కువ. నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన రోజుల్లో వృద్ధాప్యం ఒక చిన్న పాఠం. భారత నర్సింగ్ మండలి 2021లో సవరించిన బీఎస్సీ పాఠ్యప్రణాళికలో వృద్ధుల సంరక్షణ వయోజనుల ఆరోగ్యం అనే సబ్జెక్టులో పేరుపెట్టి ఉంది; ఎప్పుడో చదువు ముగించి వార్డుల్లో ఉన్న మాబోటివారికి మాత్రం ఆసుపత్రి పూనుకుని తరగతులు పెడితే తప్ప అది అందదు.

మీ అమ్మగారికి వచ్చినదాన్ని డెలీరియం అంటారు. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. ఇది గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో వచ్చిపడుతుంది, పూటపూటకూ మారుతుంది, రోగికి మాట మీద ధ్యాస నిలవదు. దాని వెనక మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం, ఇన్ఫెక్షన్, నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు వంటి కారణాన్ని వెతకాలి. అలర్జీకని ఇచ్చే ఫెనిరమైన్ ఇంజెక్షన్ కూడా పెద్దవారిని అయోమయంలో పడేయగలదు; నిద్రపడుతుందిలే అని దాన్నే ఇవ్వడం నేను చూశాను, చూసిన ప్రతిసారీ మనసు కష్టపడింది. అరిచే రోగిని అందరూ గమనిస్తారు. కదలక మెదలక పడుకుని, "పాపం, ఏ ఇబ్బందీ పెట్టరు" అనిపించుకునే రోగి దగ్గరే నాకు భయం ఎక్కువ. ఈ వయసులో జ్వరం లేకుండానే న్యుమోనియా, ఛాతీనొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు.

బెజవాడ కోడలు:
తెలియకపోవడం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోలేను. మా మామగారు బాత్రూముకు నడిచి వెళ్లగలిగినా, పడిపోతారేమోనని డైపర్ వేశారు. రాత్రి సెలైన్ సూది పీకేస్తున్నారని చేతులు బ్యాండేజీ గుడ్డతో మంచానికి కట్టారు. ఆయన ఎదురుగా ఉండగానే "ఏం తిన్నాడు?" అని నన్ను అడిగేవారు. ఊళ్లో పంతులుగారని అందరూ లేచి నిలబడే మనిషి ఆయన. ఇంటికి వచ్చేసరికి పట్టుకోనిదే లేవలేకపోయారు.

నర్సింగ్ పాఠాలు:
అమ్మా, మీ కోపం న్యాయమైనది. మంచానికే పరిమితం చేస్తే పెద్దవారి కాళ్లలో సత్తువ కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. కట్టేస్తే కలవరం మరింత పెరుగుతుంది. నేను కళాశాలలో బోధిస్తాను. వృద్ధుల పట్ల వైఖరిని కొలవడానికి 1961లో కోగన్ అనే మనస్తత్వవేత్త రూపొందించిన ప్రశ్నావళినీ, వృద్ధాప్యం గురించి ఎంత తెలుసో చూడడానికి 1977లో పామోర్ అనే సామాజిక శాస్త్రవేత్త కూర్చిన, ఒప్పో తప్పో చెప్పవలసిన 25 వాక్యాల పరీక్షనూ పరిశోధకులు చాలాకాలంగా వాడుతున్నారు. "ముసలివారిలో ఎక్కువమందికి మతి తప్పుతుంది" అన్న వాక్యానికి పామోర్ పరీక్షలో సరైన జవాబు 'తప్పు'. అయినా తాతల దగ్గర, అమ్మమ్మల దగ్గర పెరిగి, వారిని ప్రాణంగా చూసుకునే నా విద్యార్థినుల్లోనే చాలామంది అది ఒప్పని రాస్తారు. ఇక, సాధారణ ఆసుపత్రిలో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది మండలి ప్రమాణం. రాత్రి వార్డంతా ఒక్కరి మీదే వదిలేసిన చోట, చేయిపట్టి నడిపించే తీరిక ఎక్కడిది? కట్టేయడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించను.

లండన్ తెలుగమ్మాయి:
ఇక్కడ డిమెన్షియా రోగుల కోసం పనిచేసే అల్జీమర్స్ సొసైటీ అనే సంస్థ తయారుచేసిన 'దిస్ ఈజ్ మీ' అనే పత్రాన్ని, డిమెన్షియా ఉన్న రోగి తరఫున ఇంటివారు నింపి ఇవ్వవచ్చు. ఏమని పిలవాలి, వినికిడి ఎలా ఉంది, దేనికి కలవరపడతారు వంటివన్నీ అందులో ఉంటాయి. డెలీరియం పట్టుకోవడానికి 4ఏటీ అనే చిన్న పరీక్ష ఉంది; రెండు నిమిషాలు చాలు.

వార్డు సిస్టర్:
ఆ పరీక్షలో పుట్టిన తేదీ అడుగుతారు. మన పల్లెల పెద్దల్లో చాలామందికి అది తెలియదు కాబట్టి, "నిన్నటికీ ఇవాళ్టికీ మనిషిలో తేడా కనిపిస్తోందా?" అని నేను ఇంటివారినే అడుగుతాను. గోదావరి గట్టు గారూ, మళ్లీ ఎప్పుడైనా చేర్పించవలసి వస్తే అమ్మగారి కళ్లజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు ఆవిడ దగ్గరే ఉంచండి, వాడుతున్న మందులన్నీ చీటీ మీద రాసివ్వండి. తేడా కనిపిస్తే "ఈవిడ నిన్న ఇలా లేరు" అని గట్టిగా చెప్పండి, అది కేస్ షీటులో రాయమని అడగండి.