ట్రాన్సిట్ పెప్టైడ్ ఉన్నా జీఎఫ్‌పీ క్లోరోప్లాస్ట్‌లోకి సరిగా పోవట్లేదు, ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న:
బఠానీ రుబిస్కో (క్లోరోప్లాస్ట్‌లోని ఎంజైమ్) చిన్న సబ్‌యూనిట్ ట్రాన్సిట్ పెప్టైడ్ (ప్రోటీన్‌ని క్లోరోప్లాస్ట్‌లోకి పంపే చిరునామా ముక్క, 57 అమైనో ఆమ్లాలు), దాని వెనకే పచ్చగా వెలిగే ప్రోటీన్ జీఎఫ్‌పీ. జన్యువుని గట్టిగా నడిపే 35ఎస్ ప్రమోటర్. నికోటియానా బెంథామియానా ఆకుల్లో ఆగ్రో ఇన్‌ఫిల్ట్రేషన్ (జన్యువుని మోసే ఆగ్రోబాక్టీరియాని ఆకులోకి ఎక్కించడం), ఓడీ600 (బాక్టీరియా సాంద్రత) 1.0, నాలుగో రోజు కన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌లో చూశాను. పచ్చ వెలుగు కణం అంచున సన్నటి గీతలా ఉంది, న్యూక్లియస్‌లో నిండుగా ఉంది. క్లోరోఫిల్ ఎరుపు మీద మాత్రం అంతంతే. ఏం మార్చాలండి?

జవాబు 1:
న్యూక్లియస్‌ని చూసి కంగారు పడకండి. ఒట్టి జీఎఫ్‌పీ 27 కిలోడాల్టన్లే, న్యూక్లియర్ రంధ్రాల్లోంచి దానంతటదే దూరుతుంది. అంటే సైటోసోల్‌లో జీఎఫ్‌పీ మిగిలిపోతోందన్నమాట.

ముందు పెప్టైడ్‌కీ జీఎఫ్‌పీకీ మధ్య అతుకు చూడండి. పెప్టైడ్ తెగేది 57వ సిస్టీన్‌కీ, ఆ తర్వాతి మెథియోనిన్‌కీ మధ్య. సరిగ్గా అక్కడే పరాయి ప్రోటీన్ తగిలిస్తే దిగుమతి మందగించవచ్చు. అసలు సబ్‌యూనిట్ మొదటి 24 అమైనో ఆమ్లాలు కూడా ఉంచి, ఆపైన జీఎఫ్‌పీ పెట్టండి.

జీఎఫ్‌పీ సొంత ఏటీజీ (ప్రోటీన్ తయారీ మొదలయ్యే గుర్తు) తీసేయండి. మొదటి ఏటీజీ చుట్టూ సీక్వెన్స్ బలహీనంగా ఉంటే రైబోజోమ్ దాన్ని దాటేసి రెండోదాని దగ్గర మొదలెడుతుంది, పెప్టైడ్ లేని జీఎఫ్‌పీ తయారవుతుంది. మొదటిదాని చుట్టూ ఏఏసీఏ-ఏటీజీ-జీసీ ఉండేలా చూడండి.

జవాబు 2:
అతుకుతో పాటు మోతాదూ తగ్గించాలి. ఓడీ 1.0 చాలా ఎక్కువ, దిగుమతి దారులు నిండిపోతాయి. 0.1 నుంచి 0.3తో ఇన్‌ఫిల్ట్రేట్ చేసి 48 గంటలకే చూడండి. బఫర్ మామూలుదే: 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 10 మిల్లీమోలార్ ఎంఈఎస్, పీహెచ్ 5.6, 150 మైక్రోమోలార్ అసిటోసిరింగోన్.

వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) తప్పనిసరి. పైన చెప్పిన 24 అమైనో ఆమ్లాలు చేరిస్తే బ్యాండ్లు విడిగా తేలతాయి: దాదాపు 36 కిలోడాల్టన్ల దగ్గర తెగనిది, 30 దగ్గర లోపలికెళ్ళి తెగినది. 27 దగ్గర కూడా కనిపిస్తే అది తప్పు ఏటీజీదో, విరిగిన ముక్కో.

జవాబు 3:
థర్మోలైసిన్ పరీక్ష (ప్రోటీన్లను కోసే ఎంజైమ్, అంటే ప్రోటియేజ్‌తో క్లోరోప్లాస్ట్ బయట అంటుకున్నవాటిని తెంచి, లోపల ఏముందో చూడటం) చేస్తే ఒక జాగ్రత్త. మడతపడ్డ జీఎఫ్‌పీ చాలా ప్రోటియేజ్‌లకు లొంగదు. క్లోరోప్లాస్ట్ బయట అంటుకున్నదాని తోక మాత్రమే తెగి జీఎఫ్‌పీ బ్యాండ్ నిలిచిపోవచ్చు, లోపల ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. పొరల్ని కరిగించే ట్రైటాన్ డిటర్జెంట్ కలిపిన ట్యూబ్ ఒకటి పక్కన పెట్టండి. అందులోనూ బ్యాండ్ నిలిస్తే ఆ పరీక్షను లెక్కలోకి తీసుకోకూడదు.

రేపు జీఎఫ్‌పీని కణంలోని మరో భాగమైన పెరాక్సిసోమ్‌కి పంపాల్సి వస్తే జీఎఫ్‌పీని ముందు పెట్టండి. సెరీన్-లైసీన్-లూసీన్ గుర్తు సీ-టెర్మినస్ చిట్టచివరే ఉండాలి, దాని తర్వాత ఒక్క ట్యాగ్ తగిలించినా పనిచేయదు.