డోపింగ్‌తో ఎండ నుంచి హైడ్రోజన్: నిజంగా పనికొస్తుందా, పొడి రంగు మారడమేనా?

ఎండపొడ: ఎండతో నీళ్లను హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టడానికి వాడే క్యాటలిస్ట్ పొడి టైటానియం డయాక్సైడ్. దాని బ్యాండ్‌గ్యాప్ (ఎలక్ట్రాన్‌ని కదిలించడానికి వెలుతురు ఇవ్వాల్సిన కనీస శక్తి) 3.2 ఈవీ, అంటే అది పట్టేది యూవీనే (అతినీలలోహిత కాంతి), ఎండలో యూవీ ఉండేదే 5 శాతం లోపు. నైట్రోజనో ఇనుమో కాస్త డోప్ చేస్తే, అంటే పొడి నిర్మాణంలో కొద్దిగా చేరిస్తే, విజిబుల్ లైట్‌ని (కంటికి కనిపించే వెలుతురు) కూడా పట్టుకుంటుంది. ఇంతకు మించి దారి లేదంటాను.

నీటిచుక్క: నాలుగేళ్లు ఇనుము డోప్ చేసిన పొడితోనే గడిపాను. తెల్ల పొడి లేత ఇటుక రంగుకి తిరిగింది, గైడ్ సంబరపడ్డారు, తీరా ల్యాంప్ వేసి చూస్తే మామూలు పొడికన్నా తక్కువ హైడ్రోజన్. వెలుతురు పట్టడం వేరండీ, పుట్టిన ఎలక్ట్రానూ హోలూ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) పొడి పైదాకా చేరడం వేరు. మనం పెట్టిన అయానే మధ్యలో ఆ రెంటినీ కలిపేస్తుంది.

రాత్రిబండి: దాన్నే రీకాంబినేషన్ అంటారు. నాకూ ఇదే అనుభవం.

ఎండపొడ: ఎంత శాతం వేశారు?

నీటిచుక్క: శాతం గురించి కాదు నేను మాట్లాడేది.

ఎండపొడ: శాతం గురించే. ముందది చెప్పండి.

నీటిచుక్క: 0.5 నుంచి 5 దాకా అన్నీ వేశాను. చాలా?

కొత్తమొలక: మరి 2020లో జపాన్ శాస్త్రవేత్త డోమెన్ గారి బృందం స్ట్రాన్షియం టైటనేట్‌కి అల్యూమినియం డోప్ చేసి 350-360 నానోమీటర్ల దగ్గర 96 శాతం దాకా క్వాంటం సామర్థ్యం (పడిన వెలుతురు కణాల్లో ఎన్ని పనికొచ్చాయనే లెక్క) తెచ్చారు కదా

నీటిచుక్క: అక్కడ అల్యూమినియం వేసింది రంగు కోసం కాదు, టైటానియం 3+ లోపాలు, అంటే ఎలక్ట్రానూ హోలూ కలిసిపోయే చోట్లు, తగ్గించడానికి. పనిచేసేది ఇప్పటికీ యూవీలోనే. 100 చదరపు మీటర్ల ప్యానెళ్లు ఎండలో పెడితే ఎండ శక్తిలో హైడ్రోజన్‌గా మారింది గరిష్ఠంగా 0.76 శాతం.

ఎండపొడ: అందుకే కదా విజిబుల్ కావాలంటున్నా! మా నైట్రోజన్ పొడి విజిబుల్‌లోనే బాగా ఇస్తోంది.

నీటిచుక్క: నీళ్లలో ఏం కలుపుతున్నారు?

ఎండపొడ: మెథనాల్. అందరూ కలిపేదే.

నీటిచుక్క: హోల్స్‌ని మెథనాల్ తినేస్తుంటే నీళ్లలోంచి ఆక్సిజన్ లాగే అసలు కష్టం మీరు పడనే లేదు. హైడ్రోజన్ రెండు పాళ్లకి ఆక్సిజన్ ఒక పాలు రావాలి, అప్పుడే నీళ్లు విడిపోయినట్టు.

ఎండపొడ: మీ నాలుగేళ్ల కసి నామీద తీర్చుకోకండి. ఒక సగం, అంటే హైడ్రోజన్ వచ్చే సగం, విడిగా చూడకపోతే క్యాటలిస్ట్ ఎలా బాగుపడుతుంది? నా మూడేళ్లు బూడిదలో పోసిన పన్నీరేనా?

నీటిచుక్క: సగం చూడండి, వద్దనట్లేదు. దానికి నీటి నుంచి హైడ్రోజన్ అని పేరు పెట్టకండి. నా గొడవంతా అదే, డోపింగ్‌తో కాదు. మా పేపర్లోనూ అలాగే రాశారు, నేనూ సరేనన్నాను, ఇప్పటికీ తలచుకుంటే మనసు ఒప్పుకోదు.

ఎండపొడ: ఆక్సిజన్ మేం కొలవలేదు. జీసీలో (వాయువుల్ని విడదీసి కొలిచే యంత్రం) ఆక్సిజన్ పీక్ కనిపిస్తే గాలి లీకనుకుని వదిలేశాం.

నీటిచుక్క: మెథనాల్ తీసేసి, గాలి పోయేలా ఆర్గాన్ బాగా పోనిచ్చి, ముందు చీకట్లో ఒక రన్ తీయండి. తర్వాత లైట్ వేశాక నైట్రోజన్ పీక్ (గాలి చొరబడితే పెరిగేది) కదలకుండా ఆక్సిజన్ ఒక్కటే పెరిగితే అది లీక్ కాదు. ఆ రెండు గ్రాఫులూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.