పెద్ద పిల్లలకు ఇంటి వద్ద గణితం: ఏ పాఠ్యక్రమం పట్టుకోవాలి?

ప్రశ్న (విజయనగరం నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా పిల్లలిద్దరినీ ఇంటి దగ్గరే చదివిస్తున్నాం. ఈ వేసవికి అమ్మాయికి పద్నాలుగేళ్లు నిండుతాయి, అబ్బాయికి పన్నెండు. తెలుగు, సాంఘికశాస్త్రం, సామాన్యశాస్త్రం వరకు పెద్దగా ఇబ్బంది లేదు. వాళ్లంతట వాళ్లే చదువుకుని, అర్థం కానిచోట నన్నో వాళ్ల నాన్ననో అడుగుతారు. గణితం దగ్గరకు వచ్చేసరికే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ప్రాథమిక తరగతుల్లో ఏ పుస్తకం పట్టుకున్నా నడిచిపోయింది గానీ, బీజగణితం, రేఖాగణితం మొదలయ్యాక ఒక క్రమమంటూ లేకుండా ముందుకు సాగడం కష్టమవుతోంది.

పిల్లలను ఇంట్లో చదివించేవారిలో కొందరు సింగపూర్ పద్ధతి పుస్తకాలు కొనమంటున్నారు, మరికొందరు అమెరికాలో వాడే శాక్సన్ పుస్తకాలు మేలంటున్నారు. మా బంధువుల్లో ఉపాధ్యాయులుగా ఉన్నవారు కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వేసే పాఠ్యపుస్తకాలు తప్ప మరో మాట చెప్పడం లేదు. అమ్మాయికి ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవాలని గట్టి కోరిక, కాబట్టి పదో తరగతి సర్టిఫికెట్టు తప్పనిసరి. అబ్బాయి మాత్రం భిన్నాల లెక్క కనిపిస్తే చాలు, పుస్తకం మూసేస్తాడు. ఇద్దరికీ ఒకే పాఠ్యక్రమం సరిపోతుందా, విదేశీ పుస్తకాల మీద పెట్టే డబ్బుకు తగిన ప్రయోజనం ఉంటుందా అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (రాజాం నుంచి ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు)

అమ్మా, పుస్తకం పేరు తేల్చుకునే ముందు పిల్లలు ఎంతవరకు వచ్చారో తేల్చుకోండి. వయసును బట్టి తరగతి, తరగతిని బట్టి పుస్తకం అన్న పద్ధతి నలభై మంది కూర్చునే బడికి అవసరం. మీ ఇంట్లో దాని అవసరం లేదు. అమ్మాయికి ఈ ఒక్క సమీకరణం ఇచ్చి, ఆమె చేసిన కాగితాన్ని వరుస వరుసగా చూడండి: 5 − 2(ఎక్స్ − 3) = 1.

ఎక్స్ విలువ 5 అని వస్తే సరే. −1 అని వచ్చిందంటే, −2తో −3ను గుణించినప్పుడు +6 రావలసినచోట −6 వేసిందన్నమాట. ఋణ సంఖ్యల గుణకారం మళ్లీ చెప్పాలి. మూడింట పది అని వచ్చిందంటే, బ్రాకెట్టు సంగతి చూడకుండా ముందే 5లోంచి 2 తీసేసింది. ఏ పని ముందు, ఏ పని తరువాత అన్నది ఆమెకు ఇంకా కుదరలేదు. రెండూ తప్పులే అయినా రెండింటికీ చెప్పవలసిన పాఠం వేరు. ఇదే విధంగా భిన్నాలు, దశాంశాలు, శాతాలు, నిష్పత్తి ఒక్కొక్కదానిలో నాలుగైదు లెక్కలు ఇచ్చి చూస్తే, ఎనిమిదో తరగతి పుస్తకం నేరుగా మొదలుపెట్టవచ్చో, ఆరు, ఏడు తరగతుల నుంచి కొన్ని అధ్యాయాలు ముందుగా పూర్తి చేయాలో మీకే తెలిసిపోతుంది. ఈ పనికి ఒక వారం పట్టినా పరవాలేదు.

ఎంపీసీకి వెళ్లదలచుకున్న అమ్మాయికి ఎన్‌సీఈఆర్‌టీనే ప్రధాన పుస్తకంగా పెట్టమని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఇంటర్ గణితం ఆ తొమ్మిది, పది తరగతుల బీజగణితం, త్రికోణమితి, నిరూపక జ్యామితి మీదనే నిలబడుతుంది. అయితే ఒక జాగ్రత్త తీసుకోవాలి. 2022లో భారం తగ్గించే ఉద్దేశంతో ఆ పుస్తకాల్లోంచి కొన్ని భాగాలు తొలగించారు. తొమ్మిదో తరగతిలో నిర్మాణాలు, సంభావ్యత, సమాంతర చతుర్భుజాల, త్రిభుజాల వైశాల్యాలు పోయాయి. పదో తరగతిలోనూ నిర్మాణాలు పోయాయి. బడిలో సమయం చాలదు కాబట్టి తీసి ఉండవచ్చు, మీకు ఆ ఇబ్బంది లేదు కదా. పాత ముద్రణ ఎక్కడైనా దొరికితే ఆ అధ్యాయాలను తప్పక చేయించండి. ఒకే భూమి మీద, అవే సమాంతర రేఖల మధ్య ఉన్న సమాంతర చతుర్భుజాల వైశాల్యాలు సమానమని నిరూపించే పాఠం పిల్లలకు నిరూపణ అంటే ఏమిటో చూపించినంత చక్కగా మరేదీ చూపించదని నా నమ్మకం.

అభ్యాసాలు సరిపోకపోతే ఎన్‌సీఈఆర్‌టీ వారే వేసిన ఎగ్జెంప్లర్ పుస్తకాలు ఉన్నాయి. ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉండే మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలను కూడా పక్కన పెట్టుకోండి. తెలుగులో అర్థం చేసుకున్న విషయానికి ఇంగ్లీషు పదం ఎదురుగానే కనిపిస్తుంది కాబట్టి, రేపు ఇంగ్లీషు మాధ్యమంలో ఇంటర్ చదివినా అమ్మాయి తడబడదు.

జవాబు (శ్రీకాకుళం నుంచి ఒక తండ్రి)

మాస్టారు చెప్పిన మాటతో పూర్తిగా ఏకీభవిస్తూ, సర్టిఫికెట్టు సంగతి మాత్రం చేరుస్తాను. మా అబ్బాయి ఎన్‌ఐఓఎస్ (బడికి వెళ్లకుండానే పరీక్ష రాయనిచ్చే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా పదో తరగతి పూర్తి చేశాడు. అందులో నమోదుకు పద్నాలుగేళ్లు నిండి ఉండాలి, కాబట్టి మీ అమ్మాయికి సమయం సరిగ్గా కుదిరింది. కనీసం ఒక భాషతో కలిపి అయిదు సబ్జెక్టులు పాసు కావాలి. నమోదు 5 సంవత్సరాలు చెల్లుతుంది, ఆ కాలంలో పరీక్ష రాయడానికి 9 అవకాశాలు ఇస్తారు. ఏప్రిల్–మే నెలల్లో ఒకసారి, అక్టోబరు–నవంబరు నెలల్లో ఒకసారి పరీక్షలు జరుగుతాయి. పాసైన సబ్జెక్టు మార్కులు అలాగే నిలిచి ఉంటాయి కనుక మిగతా నాలుగూ ముందు రాసేసి, గణితాన్ని బాగా సిద్ధమయ్యాక ఆరు నెలల తరువాత విడిగా రాయవచ్చు. మా వాడి విషయంలో మేము అలాగే చేశాం, వాడి మీద ఒత్తిడి సగానికి సగం తగ్గింది. తెలుగు మాధ్యమం కూడా ఉంది. అది వద్దనుకుంటే మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం పదో తరగతి కూడా ఉంది, దానికీ పద్నాలుగేళ్లే.

ఎన్‌ఐఓఎస్ గణితంలో వడ్డీలు, శాతాలు, వాయిదా కొనుగోళ్ల వంటి వాణిజ్య గణితానికి ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించారు. అది బ్రతుకుకు పనికొచ్చేది, శ్రద్ధగా చేయించండి. కానీ ఆ పరీక్షలో పాసు మార్కు 33 మాత్రమే, దాన్ని చూసి ఎంపీసీకి సిద్ధమయ్యామని అనుకోకూడదు. ఇంటర్ తరువాత రాసే ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలుంటే అందులో 80 గణితమే. అందువల్ల చదువుకు ఎన్‌సీఈఆర్‌టీ, పరీక్షకు ఎన్‌ఐఓఎస్ అని విడదీసుకుని, చివరి నాలుగైదు నెలలు మాత్రం పాత ప్రశ్నపత్రాలు చేయిస్తే రెండూ నెరవేరతాయి.

జవాబు (బొబ్బిలి నుంచి మరో తల్లి)

అబ్బాయి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా చిన్నవాడూ భిన్నాల దగ్గరే ఆగిపోయాడు. వాడికి సింగపూర్ పుస్తకాల్లోని పట్టీ బొమ్మల పద్ధతి చాలా మేలు చేసింది. అది 1980లలో అక్కడి విద్యాశాఖ రూపొందించిన పద్ధతి. లెక్కను ముందు ఒక పొడవైన పట్టీగా గీసి, భాగాలు చేసి, ఆ తరువాతే అంకెల్లోకి వెళతారు. దీనికి పుస్తకం కొనవలసిన పని కూడా లేదు. ఉదాహరణకు, ఒక రైతు తన పొలంలో అయిదింట రెండు వంతులు వరి వేశాడు, మిగిలినదానిలో మూడో వంతు మొక్కజొన్న వేశాడు, ఇంకా 80 సెంట్లు ఖాళీగా ఉంది, మొత్తం పొలం ఎంత? పట్టీని అయిదు గళ్లు చేయించండి. రెండు గళ్లు వరికి పోతే మూడు మిగులుతాయి, వాటిలో ఒక గడి మొక్కజొన్నకు పోతే రెండు మిగులుతాయి. ఆ రెండు గళ్లు 80 సెంట్లు, అంటే ఒక గడి 40, మొత్తం 200 సెంట్లు, రెండెకరాలు. భిన్నాల గుణకారం పేరెత్తకుండానే మా వాడు ఇలాంటివి నోటితో చెప్పడం మొదలుపెట్టాడు, ఆ తరువాత గుణకారం నేర్పితే వాడికి అది కొత్తగా అనిపించలేదు.

శాక్సన్ పుస్తకాలు కూడా మేము కొంతకాలం వాడాం. ఒక్కో పాఠంలో కొత్త విషయం కొద్దిగానే ఉంటుంది, ఆపైన పాత విషయాలన్నీ కలిపి దాదాపు 30 లెక్కలుంటాయి. నేర్చుకున్నది త్వరగా మరిచిపోయే పిల్లలకు ఆ పద్ధతి నిజంగా మంచిది. ఒక్కసారి చెబితే పట్టుకునే పిల్లలు మాత్రం విసిగిపోతారు. పైగా అందులో అంగుళాలు, గ్యాలన్లు, డాలర్లే ఎక్కువ. అంత డబ్బు పెట్టేకంటే, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని పాత అధ్యాయాల నుంచి రోజూ ఆరేడు లెక్కలు ఏరి కొత్త పాఠానికి జోడిస్తే అదే ప్రయోజనం కలుగుతుంది. మేము ఇప్పుడు చేస్తున్నది అదే.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. సమీకరణం ఈ రోజే ఇచ్చి చూశాను మాస్టారూ. అమ్మాయికి −1 వచ్చింది. ఋణ సంఖ్యల దగ్గర నుంచి మొదలుపెడతాం. అబ్బాయికి పట్టీ బొమ్మలతోనే ఆరంభిస్తాను. నాకున్న ఒకే ఒక్క భయం రేఖాగణితం. ఇతర లెక్కలకు పుస్తకం వెనుక జవాబులుంటాయి, నిరూపణలకు ఉండవు. నేను డిగ్రీలో గణితం చదవలేదు, అమ్మాయి రాసింది సరైనదో కాదో ఎలా చెప్పగలను?

జవాబు (రాజాం ఉపాధ్యాయుడు)

ప్రతి వరుసకూ పక్కన కారణం రాయమనండి, అమ్మా. సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానమని నిరూపించేటప్పుడు ఆమె శీర్షకోణాన్ని రెండు సమాన భాగాలు చేసే రేఖ గీస్తుంది. ఆ తరువాత రెండు త్రిభుజాలు సర్వసమానం అంటుంది. ఎందుకని మీరు అడగాలి. ఈ భుజం ఆ భుజానికి సమానమని ముందే ఇచ్చారు, కోణాన్ని మనమే సమానంగా విభజించాం, మధ్య రేఖ రెండు త్రిభుజాలకూ ఉమ్మడి, కాబట్టి భు–కో–భు (భుజం–కోణం–భుజం) నియమం అని మూడు కారణాలూ ఆమె చెప్పగలిగితే నిరూపణ సరైనదే. "బొమ్మలో అలాగే కనిపిస్తోంది" అన్నదంటే అక్కడ ఆపి, పుస్తకంలో అంతకు ముందు వచ్చిన ఏ నియమం దీనికి వర్తిస్తుందో వెతకమనండి. ఈ మాత్రం అడగడానికి డిగ్రీ అవసరం లేదు. నిజంగా ఎక్కడైనా చిక్కుపడితే ఆమె రాసిన కాగితాన్ని ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, నేను చూసి చెబుతాను.