రషోమాన్ తరువాత ఏ సినిమా చూడాలి? విశాఖ మిత్రుల సలహా కోరుతున్నాను

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ నుంచి)

నమస్కారం. మా కాలనీలో ఒక మిత్రుడి మేడమీద గదిలో నెలకొక ఆదివారం సాయంత్రం మేము కొందరం కలిసి పాత సినిమాలు చూస్తున్నాము. పోర్టులోను బ్యాంకుల్లోను పనిచేసేవాళ్ళు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న పిల్లలు, మా ఇళ్ళలోని పెద్దవాళ్ళు, అందరూ కలిపి గది నిండుతుంది. ఇప్పటివరకు సత్యజిత్ రాయ్ తీసిన పథేర్ పాంచాలి (1955), విత్తోరియో దె సీకా బైసికిల్ థీవ్స్ (1948), కురొసావా రషోమాన్ (1950) చూశాము. బైసికిల్ థీవ్స్ చివరిలో, దొంగతనం చేయబోయి అందరి ముందూ పట్టుబడిన తండ్రి చేతిని ఆ పిల్లవాడు వచ్చి పట్టుకున్నప్పుడు మా అమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ తరువాత గంటసేపు ఆ పిల్లవాడి గురించే మాట్లాడుకున్నాము.

రషోమాన్ దగ్గర మాత్రం పెద్దవాళ్ళకు ఇబ్బంది కలిగింది. ఒకే సంఘటనను ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెప్పే కథ కాబట్టి ఎవరు ఏమన్నారో జాగ్రత్తగా వినాలి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు చదవడంలోనే వాళ్ళ చూపు తెర అడుగున ఉండిపోయి, నటుడు మిఫునే ముఖాన్ని గాని, చెట్ల ఆకుల మధ్య నుంచి పడుతున్న ఎండను గాని చూడలేకపోయామని బాధపడ్డారు.

ఇప్పుడు తదుపరి సినిమా విషయంలో మాలో ఏకాభిప్రాయం లేదు. పిల్లలేమో బ్రిటన్‌లో వెలువడే సైట్ అండ్ సౌండ్ పత్రిక పదేళ్ళకొకసారి ప్రకటించే ఉత్తమ చిత్రాల జాబితాను పై నుంచి కిందికి వరుసగా చూద్దామంటున్నారు. పెద్దవాళ్ళు తమకు అందే సినిమా పెట్టమంటున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. గదికి రావడం ఎవరూ మానేయకూడదన్నది నా కోరిక. మీరైతే ఏ సినిమా పెడతారు, ఎందుకు పెడతారు అన్నది దయచేసి వివరంగా రాయగలరు.

జవాబు (పెదవాల్తేరు నుంచి)

ముందుగా జాబితా సంగతి. ఆ పత్రిక 1952లో మొదటిసారి విమర్శకుల అభిప్రాయం సేకరించినప్పుడు ప్రథమ స్థానం మీరు చూసిన బైసికిల్ థీవ్స్‌కే వచ్చింది. 1962 నుంచి 2002 వరకు ఆ స్థానం ఆర్సన్ వెల్స్ సిటిజెన్ కేన్‌ది. 2012లో హిచ్‌కాక్ వెర్టిగోకు, 2022లో షాంతాల్ అకర్‌మాన్ 1975లో తీసిన ఝాన్ దీల్మాన్‌కు దక్కింది. ఈ చివరిది గొప్ప సినిమా అనడంలో నాకు సందేహం లేదు. కాని ఒక గృహిణి బంగాళాదుంపల తొక్క తీయడం, పక్క సర్దడం వంటి ఇంటిపనులను ఉన్నదున్నట్టుగా, తొందర లేకుండా చూపుతూ మూడు గంటలు దాటి సాగుతుంది. చూడటం అలవాటైన కళ్ళకు అది ఇచ్చే అనుభవం వేరు, ఇప్పుడిప్పుడే కలుస్తున్న బృందానికి ఇచ్చేది వేరు. ఏళ్ళ తరబడి సినిమాలు చూసిన వందలాది విమర్శకులు వేసిన ఓట్ల మొత్తం ఆ జాబితా. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి తయారుచేసినది కాదు.

మీ గది కోసం నా సలహా ఒక్కటే: జపాన్ దర్శకుడు కనేతో షిందో 1960లో తీసిన ది నేకెడ్ ఐలండ్. గంటన్నర పైచిలుకు సినిమాలో సంభాషణలు దాదాపు లేనే లేవు. అలలు, తెడ్డు చప్పుడు, హికారు హయాషి సంగీతం, పాట, నవ్వు, ఏడుపు వినిపిస్తాయి. మీ పెద్దవాళ్ళు చదవవలసినది ఏమీ ఉండదు కనుక పిల్లలతో సమానంగా, బహుశా వాళ్ళకంటే బాగా చూస్తారు.

హిరోషిమా ప్రాంతంలో, జపాన్ పెద్ద దీవుల మధ్య ఉన్న లోపలి సముద్రంలో ఒక చిన్న దీవి. దాని మీద కాపురమున్నది ఒక్కటే కుటుంబం: భార్యాభర్తలు, ఇద్దరు మగపిల్లలు. చుట్టూ నీళ్ళే, తాగడానికి గాని పైరుకు గాని చుక్క పనికిరాదు. తెల్లవారకముందే దంపతులు పడవ వేసుకుని పక్క దీవికి వెళ్ళి, మంచినీళ్ళు నింపుకుని వచ్చి, కావళ్ళు భుజాన పెట్టుకుని నిటారుగా ఉన్న కొండ ఎక్కి, ఒక్కొక్క మొక్క మొదట్లో గరిటెడేసి పోస్తారు. పోసిన నీరు పోసినట్టే నేలలోకి ఇంకిపోతుంది. మళ్ళీ పడవ, మళ్ళీ కావడి. బిందెడు నీళ్ళ కోసం వేసవిలో ట్యాంకరు దగ్గర నిలబడిన విశాఖవాసులకు ఈ సినిమాను ఎవరూ వివరించనక్కరలేదు.

ఒక ఘట్టం గమనించండి. కొండ ఎక్కుతూ భార్య కాలు జారి ఒక బకెట్టు ఒలికిపోతుంది. భర్త తన కావడి దించి, దగ్గరకు వచ్చి, ఆమెను చెంపమీద కొడతాడు. ఆ తరువాత మిగిలిన బకెట్టును తానే పైకి చేరుస్తాడు. ఒక్క మాట ఉండదు. ఆ దెబ్బను మనం క్షమించలేము. కాని ఆ బకెట్టు నీళ్ళు పైకి చేరడానికి ఎంత శ్రమ పట్టిందో అప్పటికే కళ్ళారా చూశాము కనుక ఇద్దరి కష్టమూ మన మీద పడుతుంది. సినిమా చివరిలో, పెద్ద దుఃఖం తరువాత, ఆమె కావాలనే నీళ్ళు పారబోసి మొక్కలు పీకి నేలమీద పడి ఏడుస్తుంది. ఈసారి అతడు చెయ్యెత్తడు. నిలబడి చూసి, మళ్ళీ నీళ్ళు పోయడం మొదలుపెడతాడు. ఈ రెండు ఘట్టాల మధ్య ఉన్న దూరమే ఆ సినిమా అని నా అభిప్రాయం. షిందో చిన్న నిర్మాణ సంస్థ మూతపడే స్థితిలో ఉండగా, కొద్ది డబ్బుతో, కొద్దిమంది మనుషులతో ఇది తీశారు. 1961లో మాస్కో చిత్రోత్సవంలో ప్రథమ బహుమతి పొందాక దేశదేశాల్లో ప్రదర్శితమై ఆ సంస్థను నిలబెట్టింది.

జవాబు (గాజువాక నుంచి)

పథేర్ పాంచాలి చూసి ఆగిపోవడం నాకు అన్యాయంగా తోస్తోంది. అపు కథ అపరాజితో (1956), అపుర్ సంసార్ (1959) చిత్రాలలో కొనసాగుతుంది. ఈ మూడింటి మూల నెగెటివ్‌లు 1993లో లండన్ లేబరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. దెబ్బతిన్న రీళ్ళలో పనికొచ్చేంత మేరకు ఇటలీలోని బొలోన్యాలో ఓపికగా బాగుచేసి, మిగిలిన భాగాలను ఇతర ప్రతుల నుంచి తీసుకుని 2015లో కొత్తగా విడుదల చేశారు. మీరు చూసినది మసకబారిన ప్రతి అయితే, ఆ పునరుద్ధరించిన ప్రతిని సంపాదించి అపరాజితో పెట్టండి. కాశీలోని ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్టుగా కట్టి, పైన తెల్లని గుడ్డ పరిచి, దాని మీద పడి తిరిగివచ్చే వెలుతురుతో సుబ్రతో మిత్రా పగటి నీడపట్టును సృష్టించారు. చూసినవాళ్ళు అది సెట్టని నమ్మరు. కొడుకు కలకత్తాలో చదువుకుంటుండగా పల్లెలో ఒంటరిగా రైలు కోసం ఎదురుచూసే తల్లి ఉన్న సినిమా ఇది. పిల్లలను హైదరాబాదుకో అమెరికాకో పంపిన తల్లులు మీ గదిలో తప్పకుండా ఉంటారు.

జవాబు (పెదజాలరిపేట నుంచి)

మాది వేట చేసే కుటుంబం. నేను ఉద్యోగంలో ఉన్నాను గాని మా అన్నదమ్ముల పడవలు ఇప్పటికీ నీళ్ళమీదే ఉన్నాయి. సముద్రం ఒడ్డున కూర్చుని సినిమాలు చూస్తున్నారు కాబట్టి సముద్రం మీద బతికేవాళ్ళ సినిమా ఒకటైనా చూడమని కోరుతున్నాను.

చాలామంది మొదట చెమ్మీన్ పేరు చెబుతారు. తకళి శివశంకర పిళ్ళై నవల ఆధారంగా రాము కరియాత్ 1965లో తీసిన ఆ మలయాళ చిత్రానికి రాష్ట్రపతి స్వర్ణపతకం వచ్చింది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. మాయాబజార్‌లో మనకు వెన్నెల చూపించినవాడే అక్కడ కేరళ తీరాన్ని రంగుల్లో చూపించాడు. ఆ ఒక్క కారణానికైనా తెలుగువాళ్ళు దాన్ని చూడవచ్చు. అయితే ఆ కథంతా ఒడ్డున భార్య శీలంగా ఉంటేనే నీటి మీద భర్త క్షేమంగా ఉంటాడన్న నమ్మకం చుట్టూ తిరుగుతుంది. మా ఆడవాళ్ళ మీద అంత బరువు మోపడం నాకు మనస్కరించదు.

నేను సూచించేది ఇటలీ దర్శకుడు లుకీనో విస్కోంతి 1948లో తీసిన లా తెర్రా త్రేమా. సిసిలీ దీవిలోని ఆచి త్రేజ్జా అనే జాలరి ఊరిలో, ఆ ఊరివాళ్ళతోనే తీసిన సినిమా, నటులెవరూ లేరు. వాళ్ళు మాట్లాడే సిసిలీ యాస మిగతా ఇటలీవాళ్ళకు అర్థం కాదు కనుక మధ్యమధ్య వ్యాఖ్యానం పెట్టవలసి వచ్చింది. అయినా దర్శకుడు వాళ్ళ నోటి మాటను మార్చలేదు. మన ఉత్తరాంధ్ర మాటను హాస్యగాడి నోట్లో తప్ప వినని ప్రేక్షకులకు ఆ గౌరవం ఎలా ఉంటుందో తెలియాలి. మన ఊళ్ళో 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెంలో ఆ పేట మనుషులే నటించి ఆ మాటే మాట్లాడినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. ఆ దారి ఎంత పాతదో విస్కోంతి సినిమాలో కనిపిస్తుంది.

కథ సముద్రం గురించి అనుకుంటారు, నిజానికి అది త్రాసు గురించి. రాత్రంతా వేట చేసి తెచ్చిన చేపకు ఒడ్డున కూర్చున్న సావుకార్లు ధర కడతారు. ఒక తెల్లవారుజామున న్తోని అనే కుర్రవాడు ఆ త్రాసులను లాగి సముద్రంలోకి విసిరేస్తాడు. ఆ తరువాత ఇల్లు తాకట్టు పెట్టి సొంత పడవతో వేటకు పోతారు. చేప బాగా పడుతుంది, ఇంటిల్లిపాదీ కూర్చుని పీపాల్లో వరసలు వరసలుగా ఉప్పు వేస్తూ నవ్వుకుంటారు. ఆ ఉప్పు వేసే ఘట్టంలో చేతులు చూడండి. చేప తల తుంచే బొటనవేలి ఊపు నటనతో రాదు. తుపానులో పడవ పోయాక ఏమవుతుందో మీరే చూడండి. మా నాన్నగారు ఆ సినిమాను మాటలు లేకుండానే చూశారు. త్రాసులు నీళ్ళలో పడినప్పుడు లేచి నిలబడ్డారు.

నిడివి రెండున్నర గంటలు దాటుతుంది, మధ్యలో విరామం ఇవ్వండి. ఇంకొక మనవి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరపడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో పెట్టుకుంటే మా పేట నుంచి కూడా వస్తారు. మీ గది చాలకపోతే మా సామాజిక భవనం ఉంది.

జవాబు (సీతమ్మధార నుంచి)

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. పెద్దవాళ్ళకు మాటలున్న సినిమా అందదన్న నిర్ణయానికి అప్పుడే రావద్దని కోరడానికి రాస్తున్నాను. మీ రషోమాన్ ఇబ్బంది భాషది మాత్రమే కాదు, ముందస్తు సన్నాహం లేకపోవడానిది కూడా. మా ఇంట్లో జపాన్ దర్శకుడు ఓజు తీసిన టోక్యో స్టోరీ (1953) పెట్టినప్పుడు నేను ముందురోజు ఒక కాగితం మీద తెలుగులో బంధువుల వరస రాసి అందరికీ ఇచ్చాను: ఎవరు పెద్దకొడుకు, ఎవరు కూతురు, యుద్ధంలో పోయిన కొడుకు భార్య ఎవరు. ముఖ్యమైన ఘట్టాలు ఆరేడు వాక్యాల్లో రాశాను. ఆ సినిమాలో మాటలు చిన్నవి. ‘అలాగా’, ‘మంచిది’, ‘మళ్ళీ రండి’ వంటివే ఎక్కువ. వరస తెలిస్తే మిగతాది ముఖాల్లో కనిపిస్తుంది. కెమెరా కూడా నేలమీద కూర్చున్న మనిషి కన్నుకంటే ఎత్తుకు దాదాపు లేవదు. చాపమీద కూర్చుని చూస్తున్న మా అత్తగారు వాళ్ళింట్లో తానూ కూర్చున్నట్టుందన్నారు.

ఓనోమిచి అనే రేవు ఊరి నుంచి వృద్ధ దంపతులు టోక్యోలోని పిల్లలను చూడటానికి వెళతారు. పిల్లలు చెడ్డవాళ్ళు కారు, తీరిక లేనివాళ్ళు. ఖర్చు కలిసివస్తుందని లెక్కవేసుకుని తల్లిదండ్రులను అతామి అనే సముద్రతీర విడిదికి పంపుతారు. అక్కడ రాత్రంతా కుర్రకారు ఆటపాటల గోలతో ముసలివాళ్ళకు నిద్ర పట్టదు. తెల్లవారి ఇద్దరూ సముద్రపు గోడమీద పక్కపక్కన కూర్చుని ఇక ఇంటికి పోదామని అనుకుంటారు. లేవబోతూ ఆమె ఒక్క క్షణం తూలి ఆగుతుంది. అంతే, దర్శకుడు దాన్ని దగ్గరగా చూపించడు, సంగీతంతో హెచ్చరించడు. పెద్దవాళ్ళు మాత్రం వెంటనే పట్టుకుంటారు. మా గదిలో ఆ క్షణాన ‘అయ్యో’ అన్నవాళ్ళందరూ అరవై దాటినవాళ్ళే, పిల్లలు ఎందుకన్నారని అడిగారు. 2012లో సైట్ అండ్ సౌండ్ దర్శకులను విడిగా అడిగినప్పుడు వారు ప్రథమ స్థానం ఇచ్చినది ఈ సినిమాకే కాబట్టి మీ విద్యార్థుల కోరిక కూడా తీరుతుంది.

పెదవాల్తేరు మిత్రులు చెప్పిన దీవి, ఈ ఓనోమిచి, రెండూ జపాన్‌లో ఒకే లోపలి సముద్రానికి చెందినవి, ఇరుగుపొరుగు ప్రాంతాలవి. ముందు మాటల్లేని సినిమా, మరుసటి నెల ఇది పెడితే ఒకదాని వెలుగులో ఇంకొకటి కనిపిస్తుంది. పిల్లలతో సిటిజెన్ కేన్ తప్పక చూడండి, కాని దానికి వేరే సాయంత్రం పెట్టుకోండి. పత్రికలో శీర్షికలు, ఎడతెగని సంభాషణలు, కాలం ముందుకూ వెనక్కూ పోవడం, ఇవన్నీ ఒక్కసారిగా మీద పడితే రషోమాన్ నాటి ఇబ్బందే మళ్ళీ వస్తుంది.

మళ్ళీ ఎం.వి.పి. కాలనీ నుంచి

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ మా బృందానికి చదివి వినిపించాను. వచ్చే నెల ది నేకెడ్ ఐలండ్, ఆపై నెల టోక్యో స్టోరీ పెట్టాలని తీర్మానించాము. వరస కాగితం తయారుచేసే పని విశ్వవిద్యాలయం పిల్లలే అడిగి తీసుకున్నారు. వాళ్ళే సిటిజెన్ కేన్‌ను ఒక శనివారం విడిగా చూసుకుంటారు. అపరాజితో చూడాలని మా అమ్మగారు పట్టుబట్టారు కనుక దాన్ని మూడవ నెలకు ఉంచాము.

లా తెర్రా త్రేమా మాత్రం మా గదిలో కాదు, పెదజాలరిపేట భవనంలోనే చూస్తే బాగుంటుందని అందరూ అన్నారు. మే నెలలో ఏ ఆదివారం వీలవుతుందో ఆ మిత్రులు తెలియజేయగలరు. ప్రొజెక్టరు, స్పీకర్లు మేము తెస్తాము. తెరకు తెల్లని గోడ ఉందా, మేమే గుడ్డ తీసుకురావాలా అన్నది కూడా చెప్పండి. ఆ సినిమాలోని వ్యాఖ్యానాన్ని ముందుగా తెలుగు చేసి, ఆయా చోట్ల పైకి చదవాలనుకుంటున్నాము. పడవ, వల, ఉప్పుచేప తాలూకు మాటలను పేటలో ఎలా అంటారో చూసి దిద్దేవాళ్ళు ఒకరు కావాలి.