అప్‌డేట్: వెబ్‌క్యామ్‌లో సిరలు కనిపించాయి

ఖరీదైన పరికరాలు లేకుండా మెడికల్ ఆప్టికల్ ఇమేజింగ్ (కాంతితో శరీరం లోపలి భాగాలను చూడటం) క్లాసులో ఎలా చూపించాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. పాత వెబ్‌క్యామ్, ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని కాంతి) ఎల్ఈడీలు సరిపోతాయన్నారు. నిజంగానే సరిపోయాయి, అందరికీ థ్యాంక్స్.

కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ తీసేసి, వెలుగు తగిలాక డెవలప్ చేసిన కలర్ నెగెటివ్ ముక్కను లెన్స్ ముందు అతికించాం. అది మామూలు వెలుగును చాలావరకు ఆపేసి ఇన్‌ఫ్రారెడ్‌ను వదులుతుంది. గది చీకటి చేసి, 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎల్ఈడీల మీద వేలు పెడితే స్క్రీన్ మీద సిరలు ముదురు గీతల్లా కనిపించాయి. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ కాంతిని చుట్టూ ఉన్న కణజాలం కన్నా ఎక్కువ పీల్చుకోవడమే కారణం.

గీతల అంచులు ఎందుకు మసకగా ఉన్నాయని ఒక అమ్మాయి అడిగింది. నాకు బాగా నచ్చిన ప్రశ్న అది. గ్లాసు నీళ్లలో కొంచెం పాలు కలిపి, నల్ల వైరు ముక్క ముంచాం. గ్లాసు గోడకు ఆనించినప్పుడు స్పష్టంగా ఉన్న వైరు, లోపలికి జరిపేకొద్దీ అలుక్కుపోయి చివరికి మాయమైంది. పాలలోని కొవ్వు, ప్రోటీన్ కణాలు కాంతిని చెదరగొడతాయి. చర్మం లోపల జరిగేదీ అలాంటిదే. కాంతి చెదరడం అనే విషయం బోర్డు మీద ఎంత చెప్పినా ఇంత బాగా ఎక్కదు.

ఒక జాగ్రత్త: ఈ ఎల్ఈడీల కాంతి కంటికి దాదాపు కనిపించదు కాబట్టి కనుపాప ముడుచుకోదు. పిల్లల్ని వాటిలోకి నేరుగా చూడనివ్వకండి.

తర్వాత 660, 940 నానోమీటర్ల ఎల్ఈడీలతో పల్స్ ఆక్సిమీటర్ (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ కొలిచే పరికరం) సూత్రం చూపించాలనుకుంటున్నాం. కాంతిని కొలిచే ఫోటోడయోడ్ మీద బయటి వెలుగు పడకుండా మీరేం వాడారో చెప్పగలరా?