అప్‌డేట్: మా మెస్ చేపల పులుసు సంగతి

మే నెలలో అడిగాను, విశాఖ జగదాంబ దగ్గర నేను తినే మెస్ చేతులు మారాక కోనాం (వంజరం చేప) పులుసు రుచి పోయింది, మీకూ అలాగే ఉందా అని. వేట నిషేధం వల్లనేమో, ఆగి చూడమన్నారు చాలామంది. ఆ మాటా నిజమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు వేటకెళ్లవు, హార్బర్‌లో తాజా చేప తగ్గిపోతుంది. అందుకే జూన్ నెలాఖరు దాకా ఆగి వెళ్లాను.

ముక్క బాగుంది. పులుసే బాలేదు.

ఉండబట్టలేక కొత్త ఓనర్‌నే అడిగాను. పాతాయన ఉన్నప్పుడు పొద్దున్నే పులుసు కాచి దించేసేవారు, మధ్యాహ్నానికి ముక్కకి ఉప్పూ పులుపూ బాగా పట్టేవి. ఇప్పుడు పులుసు విడిగా కాచి, ఆర్డర్ ఇచ్చాక వేయించిన ముక్క అందులో వేస్తున్నారట. "వేడివేడిగా ఉండాలని అండీ" అన్నాడు ఆ అబ్బాయి. మంచి ఉద్దేశమే, పాపం. కానీ పదేళ్లుగా తింటున్నదాన్ని, చెప్పకుండా ఎలా ఉంటాను? చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

మొన్న ఆదివారం ఫోన్ చేసి మరీ రమ్మన్నాడు. పొద్దున కాచిన పులుసు, ముప్పాతిక పాత రుచే! ఇదివరకటి వంటావిడ చివర్లో చల్లే మెంతిపొడి ఒక్కటే లేదు. అదీ చెప్పి వచ్చాను.