‘ఆనబెల్ లీ’: అది ప్రేమేనా?

మాచవరం కుర్రాడు:
మాకు డిగ్రీ ఇంగ్లీషులో అమెరికన్ కవి ఎడ్గార్ ఆలన్ పో రాసిన ‘ఆనబెల్ లీ’ అనే పద్యం ఉంది. చదవనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. సముద్రం ఒడ్డున ఒక రాజ్యం. అక్కడ చిన్నప్పటి నుంచీ ప్రేమించుకున్న ఇద్దరు. వాళ్లని చూసి స్వర్గంలో దేవదూతలకు కన్నుకుట్టింది. మబ్బులోంచి చలిగాలి వీచి ఆ అమ్మాయి, ఆనబెల్, చనిపోయింది. గొప్పింటి బంధువులు వచ్చి ఆమెను తీసుకుపోయి సమాధిలో పెట్టారు. అతను ఇప్పటికీ రాత్రంతా ఆ సమాధి పక్కనే పడుకుంటాడు. మొత్తం ఆరు చరణాలు. క్లాసులో ‘మరణం లేని ప్రేమ’ అని రాసుకోమన్నారు. నాకు మాత్రం చివరి చరణం చదివితే భయమేసింది. అలాంటి మనిషిని మెచ్చుకోవాలా, డాక్టరుకి చూపించాలా?

పటమట:
ఐదు మార్కుల ప్రశ్నకి ఇంత టెన్షన్ ఎందుకు తమ్ముడూ. క్లాసులో చెప్పింది రాసెయ్.

బ్రాడీపేట మాస్టారు:
భయమేసిందంటే పద్యం పనిచేసిందన్నమాట బాబూ. ముందు కవి సంగతి తెలుసుకో. పోకి మూడేళ్లు నిండకముందే తల్లి పోయింది. 1836లో మేనత్త కూతురు వర్జీనియాను పెళ్లాడాడు. ఆమెకు అప్పుడు పదమూడేళ్లు. క్షయతో ఏళ్ల తరబడి మంచం పట్టి, 1847 జనవరిలో, 24 ఏళ్లకే కన్నుమూసింది. ఈ పద్యం 1849లో రాశాడు. అదే ఏడాది అక్టోబరు 7న తనూ పోయాడు. రెండు రోజులకు న్యూయార్క్ పత్రికలో ఇది అచ్చయింది. ఇక ఆనబెల్ ఎవరని వేరే వెతకాలా? పైకి చదువు. చరణం చరణానికీ అవే మాటలు, అవే ప్రాసలు అలల్లా వెనక్కి వస్తుంటాయి. దుఃఖం కూడా అలాగే వస్తుంది.

మన కాళిదాసు రఘువంశం ఎనిమిదో సర్గ చూడు. భార్య ఇందుమతి పోయాక, జువ్విమొలక మేడను చీల్చినట్టు శోకం అజ మహారాజు గుండెను చీల్చిందంటాడు. వసిష్ఠుడు కబురు పంపినా ఆ దుఃఖం తగ్గలేదు. దీన్ని జబ్బు అనకు.

కృష్ణలంక:
మాస్టారూ, మూడో చరణం మళ్లీ చూడండి. అక్కడ గాలి ఆమెను చలికి వణికించిందనే ఉంది. చంపిందన్న మాట నాలుగో చరణంలో వస్తుంది. మధ్యలో బంధువులు వచ్చి తీసుకుపోయారు. అంటే ప్రాణం ఉండగానే తీసుకుపోయారేమో! దేవదూతలంతా పైపూత. అసలు దోషులు ఆ బంధువులు.

బ్రాడీపేట మాస్టారు:
సమాధిలో మూసేయడానికి తీసుకుపోయారని అదే చరణంలో స్పష్టంగా ఉంది కదండీ. బతికున్న మనిషిని సమాధిలో పెడతారా? పైగా వర్జీనియా తల్లి ఇతని సొంత మేనత్త. అందరూ ఒకే ఇంట్లో ఉండేవారు. తీసుకుపోవడానికి వేరే పుట్టిల్లు ఎక్కడుంది?

కృష్ణలంక:
జీవితంలో లేకపోతే పద్యంలో ఎందుకు పెట్టాడు? నేను అడిగేది అదే.

అరండల్‌పేట:
మీరిద్దరూ బంధువుల దగ్గరే ఆగిపోయారు. ఆ అమ్మాయి సంగతి ఎవరికీ పట్టలేదు. ఆరు చరణాల్లో ఒక్క మాటైనా మాట్లాడిందా? అతన్ని ప్రేమించడం, అతని చేత ప్రేమించబడటం తప్ప ఆమెకు వేరే ఆలోచనే లేదట. కళ్లు మెరుస్తాయని తప్ప మనిషి ఎలా ఉంటుందో తెలియదు. పద్యమంతా అతని గొడవే.

మా అమ్మ పోయాక మా నాన్న ఇలాగే ఉన్నాడు. మిర్చి యార్డులో గుమస్తా పని మానేశాడు. అమ్మ మంచం మీద పక్క తీయనిచ్చేవాడు కాదు. చూడటానికి వచ్చినవాళ్లంతా ‘ఎంత ప్రేమో’ అని కళ్లు తుడుచుకునేవాళ్లు. లోపల వంటింట్లో నేను. అప్పుడు పదో తరగతి. తమ్ముడి క్యారేజీ కట్టి, ఊడిన చొక్కా గుండీలు కుట్టి పంపేదాన్ని. ఇంటర్ చదవలేదు. ఈ పద్యం చదివినప్పుడల్లా నాకు ఆ పొగడ్తలే వినిపిస్తాయి.

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, బాధగానే ఉంది. కానీ మీ నాన్నగారి మీద కోపాన్ని కవి మీద చూపిస్తున్నారు. పోకి పిల్లలు లేరు. ఎవరి చదువూ ఆపలేదు.

అరండల్‌పేట:
కోపం ఎవరి మీద ఉండాలో మీరు చెప్పక్కర్లేదు మాస్టారూ. పిల్లలు లేరు సరే. ఆ మేనత్త ఉంది కదా. కూతుర్ని పోగొట్టుకుంది, మళ్లీ అల్లుడికి సేవ చేసింది. ఈ పద్యంలో ఆవిడ ఏడుపుకి చోటుందా? మీరు చెప్పిన అజుడినే చూడండి. కొడుకు దశరథుడు చిన్నవాడని, వాడి కోసం ఎనిమిదేళ్లు బతికి, ఆ తర్వాతే గంగా సరయూ సంగమంలో ప్రాణం వదిలాడు. ఆ సంగతి మీరు వదిలేశారు.

బ్రాడీపేట మాస్టారు:
అత్తగారి మీద అదే 1849లో ‘టు మై మదర్’ అని సానెట్, అంటే పద్నాలుగు పాదాల పద్యం, రాశాడు. కాస్త చదివి మాట్లాడండి.

అరండల్‌పేట:
చదివాను. అందులో ఆవిడ కన్నతల్లి కంటే ఎందుకు ప్రియమైందంటాడు? తను ప్రేమించిన మనిషికి తల్లి కాబట్టి. అక్కడా లెక్క తన ప్రేమదే.

పటమట:
కొంచెం నెమ్మదిగా మాట్లాడుకోండి. పెద్దవాళ్లు.

కృష్ణలంక:
నెమ్మదిగానే చెప్తాను. మాది ప్రేమ పెళ్లి, కులాలు వేరు. మా ఆవిడ తరఫువాళ్లు ఏళ్లపాటు మా గడప తొక్కలేదు. డెంగ్యూతో ఆసుపత్రిలో ఆమె పోయిన రోజు మాత్రం రెండు కార్లలో దిగారు. పుట్టింటి చీర కప్పి, రేపల్లె దగ్గర వాళ్ల ఊరికి తీసుకుపోయారు. నన్ను బండి ఎక్కనివ్వలేదు. కొరివి పెట్టింది ఆమె అన్న. పెద్దకర్మకి నాకు కబురు లేదు. అస్థికలు ఏ రేవులో కలిపారో కూడా తెలియదు. అందుకే ఆ బంధువుల మాట నేను వదలను. సమాధి పక్కన పడుకోవడం అతని పిచ్చి కాదండీ. ఆమె తనదని చెప్పుకోవడానికి అతనికి మిగిలిన చోటు అదొక్కటే.

అరండల్‌పేట:
మీకు జరిగింది ఘోరం అన్నా. మీకు ఏడ్చే హక్కే ఇవ్వలేదు. కానీ నా మాట అది కాదు. మా నాన్నకి ఆ హక్కు అందరూ ఇచ్చారు, ఆ భారం నా మీద పడింది. ఎంత కాలం ఏడిస్తే అంత ప్రేమ అని మెచ్చుకునేవాళ్లతోనే నా తగాదా.

కృష్ణలంక:
మెచ్చుకోమని నేను అడగట్లేదు తల్లీ. ఇక చాలు, మళ్లీ పెళ్లి చేసుకో అని చెప్పేవాళ్లతో నా తగాదా. మా అమ్మతో సహా.

బ్రాడీపేట మాస్టారు:
ఇవన్నీ పద్యం బయటి విషయాలు. విద్యార్థి అడిగింది పద్యం గురించి.

మాచవరం కుర్రాడు:
బయటివి కావేమో మాస్టారూ. ఐదో చరణంలో, మాకంటే పెద్దవాళ్ల ప్రేమకన్నా, మాకంటే తెలివైనవాళ్ల ప్రేమకన్నా మాది గట్టిదంటాడు. ఊరికే అలా ఎందుకంటాడు? మీది చిన్నపిల్లల ప్రేమ అని ఎవరో అని ఉండాలి. పద్యమంతా వాళ్లకి జవాబు చెప్తున్నట్టుంది. నేను అక్కడి నుంచే మొదలుపెడతా. ఆనబెల్ ఒక్క మాటా మాట్లాడదన్న సంగతి కూడా రాస్తాను. మార్కులు పోతాయా?

అరండల్‌పేట:
రాయి తమ్ముడూ. ఏ చరణంలో ఏముందో ఆధారం చూపించు, పోవు.

బ్రాడీపేట మాస్టారు:
వర్జీనియా పేరు, 1847 వదిలేస్తే మాత్రం నేనైతే ఒక మార్కు తీసేస్తాను.

కృష్ణలంక:
బంధువుల గురించి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.